రిటైరయ్యాక సొంతూళ్ళో షాపు, దాంతోపాటు సేవ: రెండూ కుదురుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆర్మీలో పదిహేడేళ్ళు నిండుతున్నాయి, వచ్చే ఏడాది హవల్దార్‌గా బయటికి వస్తున్నారు. ఊరు చీపురుపల్లి దగ్గర. హైదరాబాద్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. మీకేమో రాజాంలోనో చీపురుపల్లిలోనో సిమెంటు, ఇనుము, హార్డ్‌వేర్ షాపు పెట్టుకుని, ఊళ్ళో పదిమందికి పనికొస్తూ ఉండిపోవాలని ఉంది. ఇది నిజంగా జరిగే పనేనా, షాపూ సేవా రెండూ ఒకేసారి నడుస్తాయా అని అడిగారు.

జరిగే పనే, తమ్ముడూ. నేను బతుకుతున్నది అలాగే. బెంగళూరులో ఆర్మీ ఇంజనీర్ల దళం ఎంఈజీలో చేసి, హవల్దార్‌గానే వచ్చి, నరసన్నపేటలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. మా మండలంలో మాజీ సైనికుల కాగితాల పనులు, తుఫాను రోజుల్లో సహాయం, రక్తదానం లాంటివి కొందరం కలిసి చూసుకుంటున్నాం. కాబట్టి భయపెట్టను. కానీ ఒక వరస ఉంది: ముందు ఇంటి భద్రత, తర్వాత చిన్న పెట్టుబడితో వ్యాపారం, సేవ మొదటి రోజు నుంచే, అయితే ఏదో ఒక్క పని పట్టుకుని. ఈ వరస తారుమారు చేసినవాళ్ళే రెండు మూడేళ్ళలో షాపుకి తాళం వేసి మళ్ళీ సెక్యూరిటీ డ్రెస్సు వేసుకోవడం చూశాను.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఊళ్ళో మీకు దొరికే మర్యాదని పెట్టుబడి అనుకోకండి. మన జిల్లాల్లో మిలట్రీ నుంచి వచ్చినవాడంటే గౌరవం చాలా ఎక్కువ. ఇంటికొకరు ఫౌజులో ఉన్న ఊళ్ళు మనకి కొత్త కాదు. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో రిక్రూట్‌మెంట్ ర్యాలీ అంటే ముందు రోజు రాత్రే కుర్రాళ్ళు వచ్చి రోడ్డు పక్కన పడుకుంటారు. అలాంటి చోట మీరు షాపు తెరిస్తే మొదటి నెల అందరూ వస్తారు. "మన మిలట్రీ ఆయన షాపు" అంటారు. ఆ వచ్చినవాళ్ళలో సగం మంది అరువుకే వస్తారు. ఇంకొందరు చిట్టీకి షూరిటీ సంతకం పెట్టమంటారు. కుర్రాళ్ళు గుడి పండక్కి, క్రికెట్ టోర్నమెంటుకి చందా రాయమంటారు. ఒక పార్టీవాళ్ళు వచ్చి సర్పంచ్‌గా నిలబడమంటారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. మీ దగ్గర డబ్బుందని, మీరు కాదనరని నమ్మి వస్తారు. ఏ ఒక్కరికీ కాదనలేకపోతే వచ్చిన గ్రాట్యుటీ, పీఎఫ్ ఎటు పోయిందో తెలియకుండా పోతుంది.

డబ్బు సంగతి. బయటికి వచ్చేటప్పుడు చేతికి ఒకేసారి గ్రాట్యుటీ, ఏఎఫ్‌పీపీ ఫండ్ (మన పీఎఫ్), ఏజీఐఎఫ్ (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్) మెచ్యూరిటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, దానికి తోడు పెన్షన్ కమ్యుటేషన్ వస్తాయి. మన జీవితంలో అంత మొత్తం ఒక్కసారిగా అకౌంట్లో కనబడటం అదే మొదలు, బహుశా అదే చివర. కమ్యుటేషన్ అంటే పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని దాని బదులు ముందే ఒక మొత్తం తీసుకోవడం, అలా సగం వరకు అమ్ముకోవచ్చు. అమ్ముకున్న భాగం మళ్ళీ కలిసేది పదిహేనేళ్ళకి. ఆ పదిహేనేళ్ళలోనే మీ పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు ఉంటాయని గుర్తుపెట్టుకుని ఎంత కమ్యూట్ చేయాలో లెక్క వేసుకోండి. అందరూ పూర్తిగా తీసుకుంటున్నారు కదా అని తీసుకోవద్దు.

నా సలహా ఏంటంటే, వచ్చిన మొత్తంలో మూడో వంతుకి మించి షాపులో పెట్టకండి. ఒక భాగం పిల్లల పేరు మీద కదపకుండా ఉంచండి. ఇంకో భాగం నెలనెలా వడ్డీ వచ్చేలా పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో గానీ బ్యాంకు డిపాజిట్‌లో గానీ వేయండి. పోస్టాఫీసు స్కీములో ఒక్కరి పేరు మీద 9 లక్షలు, జాయింటుగా 15 లక్షల వరకు పెట్టొచ్చు. సీనియర్ సిటిజన్ స్కీము మామూలుగా అరవై దాటినవాళ్ళకే అయినా, డిఫెన్స్‌లో రిటైరైనవాళ్ళకి యాభై నుంచే ఇస్తారు. అది మీకు ఇంకా కొన్నేళ్ళ తర్వాతి మాట, అయినా తెలిసి ఉండటం మంచిది. పెన్షనూ ఈ వడ్డీ కలిపి ఇల్లు నడవాలి. షాపు లాభం మీద మొదటి రెండేళ్ళు ఇల్లు ఆధారపడకూడదు. ఇది కుదిరితే గల్లాపెట్టె ముందు టెన్షన్ లేకుండా కూర్చోగలరు. ఆ రోజు బేరం లేకపోయినా అప్పుకి సరుకు ఇచ్చేయాలన్న తొందర పుట్టదు.

లోన్ల గురించి కూడా అడిగారు. కేంద్రం సబ్సిడీతో లోన్ ఇప్పించే పీఎంఈజీపీ పథకంలో మాజీ సైనికులు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. పల్లె ప్రాంతంలో యూనిట్ పెడితే 35 శాతం, పట్టణంలో అయితే 25 శాతం సబ్సిడీ ఉంటుంది, మన వాటా 5 శాతమే. అయితే ఆ సబ్సిడీ చేతికివ్వరు, మూడేళ్ళపాటు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ నడుస్తున్నదని చూశాకే లోన్‌లో సర్దుతారు. నా దృష్టిలో ఇది తయారీ పని పెట్టేవాళ్ళకి బాగా పనికొస్తుంది. సిమెంటు ఇటుకలో, పలాస వైపు జీడిపప్పు యూనిట్టో అయితే వెళ్ళండి. కొనుక్కుని అమ్ముకునే షాపుకి ముద్రా లోన్ చాలు, అదీ సరుకు తిరుగుతోందని ఒక సీజన్ చూశాక. డీజీఆర్ (సైనికుల పునరావాసం చూసే రక్షణ శాఖ ఆఫీసు) వాళ్ళు రిటైర్ అవ్వబోయేవాళ్ళకి ఇప్పించే రీసెటిల్‌మెంట్ కోర్సుల్లో వ్యాపారానికి సంబంధించినది ఏదైనా దొరికితే వదులుకోకండి. ఇప్పుడే మీ యూనిట్ ఆఫీసులో అడగండి, బయటికి వచ్చాక ఆ అవకాశం తగ్గిపోతుంది.

షాపు తెరవకముందు ఇంకొకరి షాపులో కూర్చోండి. జీతం తీసుకోకుండానైనా సరే, ఒక సీజన్ మొత్తం. మన ప్రాంతంలో హార్డ్‌వేర్ వ్యాపారం సంక్రాంతి చుట్టూ తిరుగుతుంది. హైదరాబాద్, చెన్నై, విశాఖ వలస వెళ్ళినవాళ్ళు పండక్కి వస్తారు, ఇంటికి కొబ్బరికాయ కొట్టి వెళ్తారు. చేతిలో ధాన్యం డబ్బులు పడతాయి. అప్పట్నుంచి జూన్ వరకు పని. ఆషాఢంలో చప్పబడుతుంది, శ్రావణంలో గృహప్రవేశాలు, పెయింట్లు, ట్యాపులు. అక్టోబర్, నవంబర్‌లో తుఫాను ఎప్పుడొస్తుందో తెలియదు. కాబట్టి సెప్టెంబర్ చివర్లో గోదాము నిండా సిమెంటు దింపుకున్నవాడు తెలివైనవాడు కాదు. మన సముద్రపు గాలికి బస్తా మూడు నెలలు ఉంటే ఐదో వంతు బలం పోయినట్టే. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం వేసి ఉంటుంది, లోడు దిగేటప్పుడే చూడండి. నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి అడుగు దూరంలో, పది బస్తాల ఎత్తుకి మించకుండా పేర్చండి. కలాసీలు తొందరలో గోడకి ఆనించేస్తారు, దగ్గరుండి సరిచేయించాలి.

జీఎస్టీ గురించి ఒక్క మాట. సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. "నాకు అంత ఎక్కడిది" అనుకుంటారు. బస్తా 350 రూపాయలు అనుకుంటే రోజుకి ముప్పై బస్తాలు పోయినా ఏడాదికి 38 లక్షలు దాటిపోతుంది, ఇనుము లెక్క వేరే. అందుకని మొదటే రిజిస్టర్ అయిపోండి. చిన్న షాపుకి కాంపోజిషన్ స్కీము తేలిక, టర్నోవర్ మీద ఒక శాతం కడితే సరిపోతుంది. కానీ బిల్లు మీద ట్యాక్సు వేసే వీలుండదు కాబట్టి కాంట్రాక్టర్లు మీ దగ్గర కొనరు. ఇల్లు కట్టుకునేవాళ్ళే మీ గిరాకీ అయితే ఫర్వాలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ప్రాజెక్ట్ రిపోర్టు ఎవరైనా ఇస్తే ఆ లెక్కలు మార్చుకోండి.

ఇప్పుడు అరువు. మీరు అడిగిన ప్రశ్నలో ఈ మాటే లేదు, కానీ మన ఊళ్ళలో వ్యాపారమంతా ఇందులోనే ఉంది. సిమెంటు బస్తా మీద ఎనిమిది రూపాయలు మిగిలిందనుకోండి. ఒక్క బస్తా బాకీ మునిగితే ఆ నష్టం పూడ్చడానికి ఇంకో నలభైకి పైగా బస్తాలు అమ్మాలి. సిమెంటూ ఇనుమూ అరువుకి ఇవ్వకండి. పైపులు, వైరు, పెయింట్లు, తలుపుల సామాను మీద మార్జిన్ ఉంటుంది, వాటిలో తెలిసినవాళ్ళకి కొంతవరకు ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు ఎప్పుడిస్తారో తేదీ వాళ్ళ నోటితోనే చెప్పించి, ఖాతా పుస్తకంలో వాళ్ళ ఎదురుగా రాయండి, కార్బన్ కాపీ చేతికివ్వండి. ఇది అవమానంగా ఎవరూ తీసుకోరు. ఏమీ రాయకుండా ఇచ్చి, ఆరు నెలల తర్వాత సంతలో నలుగురి మధ్య అడిగితేనే అవమానం. నిజంగా ఇబ్బందిలో ఉన్న మనిషి వస్తే, ఇంటి కప్పు ఎగిరిపోయిందనో, ఆస్పత్రి ఖర్చనో, అరువు పేరుతో ఇవ్వకండి. ఇవ్వదలచుకున్నది సాయంగా ఇచ్చేసి, పుస్తకంలో రాయకండి. మనసులో కూడా రాసుకోకండి.

మిలట్రీవాడి షాపుకి నిజమైన బలం ఎక్కడుందో చెబుతాను. జలుమూరు మండలంలో ఒక ఊరి నుంచి ఒకామె వచ్చింది. భర్త హైదరాబాద్‌లో సెంటరింగ్ పని చేస్తాడు, నెలనెలా డబ్బు పంపుతాడు, ఇల్లు కట్టించేది ఈమే. చేతిలో మేస్త్రి రాసిచ్చిన చీటీ. ఆరు వందల అడుగుల స్లాబుకి టన్నుకి దగ్గరగా ఇనుము రాసి ఉంది. డబ్బు కొంగుకి ముడివేసుకుని వచ్చింది, అంతా కట్టేసి లోడు ఎక్కించుకుపోతానంటుంది. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను: అయిదంగుళాల మందం, ఆరు వందల అడుగులు అంటే ఏడు క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, బీములు విడిచిపెడితే ఇనుము ఆరు వందల కిలోల లోపే. "ఏటి బాబూ, మరి ఆయన అంత రాసీసినాడేటి?" అంది. మేస్త్రిని తిట్టలేదు. చాలామంది మేస్త్రులు మధ్యలో సరుకు తక్కువై పని ఆగకూడదని ఎక్కువే రాస్తారు. ఆయనకే ఫోన్ చేసి, బీముల కొలతలు అడిగి, ముందు ఇంత పట్టుకెళ్ళనిద్దాం, తగ్గితే అదే రోజు నా ఆటోలో పంపిస్తానని చెప్పాను. ఒప్పుకున్నాడు.

తర్వాత ఆమె చూస్తుండగానే రాడ్లు తూకం వేయించాను. రాడ్డు బరువు లెక్క మీరూ నేర్చుకోండి, కొనేవాళ్ళకీ నేర్పండి: మందం ఎన్ని మిల్లీమీటర్లో ఆ అంకెని అదే అంకెతో హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. ఎనిమిది ఎంఎం అయితే 64 బై 162, అంటే 0.395. పన్నెండు మీటర్ల రాడ్డు 4.74 కిలోలు. పది ఎంఎం రాడ్డు 7.4, పన్నెండు ఎంఎం 10.67 కిలోలు. కొద్దిగా అటూ ఇటూ ఉండటం సహజం. కానీ ఎనిమిది ఎంఎం రాడ్డు నాలుగు కిలోలే తూగిందంటే అది ఎనిమిది కానట్టే. కంపెనీ రాడ్డు పేరు చెప్పి సన్న రాడ్డు అంటగట్టేవాళ్ళు ఉన్నారు, రాడ్ల లెక్కన కొనేవాళ్ళు మోసపోతారు, కిలోల లెక్కన కొనేవాళ్ళు మోసపోరు. ఆ ఊళ్ళో తర్వాత లేచిన ఇళ్ళలో చాలావాటికి సరుకు నా దగ్గర్నుంచే వెళ్ళింది. భర్తలు ఎక్కడో వలసలో ఉండి, ఇల్లు కట్టే బరువంతా ఆడవాళ్ళ మీద ఉన్న జిల్లాలు మనవి. వాళ్ళని మోసం చేయకుండా లెక్క చెప్పే షాపు ఒక్కటున్నా చాలు, వెతుక్కుని వస్తారు.

ఇక సేవ విషయం. "ఏదో ఒకటి చేయాలని ఉంది" అన్నారు. ఏదో ఒకటి అనుకుంటే ఏదీ సరిగ్గా జరగదు. మీకు మాత్రమే బాగా తెలిసిన పని ఒకటుంది: ఫౌజు కాగితాలు. దాన్నే పట్టుకోండి.

మన ఊళ్ళలో సిపాయిల భార్యలు, తల్లులు ఎంతమంది ఎన్ని ఇబ్బందులు పడుతున్నారో లోపల ఉన్నప్పుడు మనకి తెలియదు. రికార్డు ఆఫీసులో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. పెళ్ళైనప్పుడు పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలు సర్వీసు రికార్డుకి ఎక్కించే కాగితం) ఇంటిపేరుతో రాయించారు, ఇక్కడ రేషన్ కార్డులో ముద్దుపేరు. పుట్టిన తేదీ రెండు చోట్లా రెండు రకాలు. ఆయన ఉన్నన్నాళ్ళు ఎవరూ పట్టించుకోరు. ఆయన పోయాక భార్యకి రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ మొదలవకుండా ఆగిపోతుంది. అప్పుడు ఆ ముసలావిడ నాసిక్‌కో జబల్‌పూర్‌కో ఎవరిని పంపిస్తుంది? అఫిడవిట్ రాయించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సంతకం చేయించి, రికార్డు ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్‌లో పేరు సరిపోయిందో లేదో చూసే మనిషి ఒకరు పక్కన ఉంటే ఆ ఇల్లు నిలబడుతుంది.

ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోయినా పెన్షన్ ఆగిపోతుంది. పొలం పని చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళు మీసేవ చుట్టూ తిరిగి "పడట్లేదు" అని ఇంటికి వచ్చేస్తారు. ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ తీసుకునే జీవన్ ప్రమాణ్‌లో ముఖం స్కాన్ చేసి కూడా ఇవ్వొచ్చు, ఫోన్ ఉంటే చాలు, వాళ్ళ అరుగు మీదే పని అయిపోతుంది. ఆస్పత్రి విషయంలో ఇంకొకటి: ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ప్యానెల్‌లో లేని ఆస్పత్రిలో ఎమర్జెన్సీగా చేర్చాల్సి వస్తే 48 గంటల్లోపు ఆ పథకం పాలీక్లినిక్‌కి తెలియజేయాలి. హార్ట్ ఎటాక్ వచ్చిన ఇంట్లో ఈ నిబంధన ఎవరికి గుర్తుంటుంది? మీ ఫోన్ నంబర్ ఊళ్ళో ఉంటే మీకు ఫోన్ చేస్తారు, ఆ కబురు మీరు పెడతారు. మాజీ సైనికుల పిల్లలు ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ లాంటి ప్రొఫెషనల్ కోర్సుల్లో చేరి, అర్హత పరీక్షలో 60 శాతం ఉంటే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకానికి అప్లై చేయొచ్చు. ఎంపికైన అమ్మాయిలకి నెలకి 3,000, అబ్బాయిలకి 2,500 వస్తాయి. ఇది తెలియక గడువు దాటించుకునే ఇళ్ళు ప్రతి ఏడాదీ కనబడతాయి.

ఈ పనికి ఒక టేబులు, ఒక ఫైలు, శుక్రవారం సాయంత్రం లాంటి ఒక సమయం చాలు. సమయం ముందే చెప్పి పెట్టండి. లేకపోతే షాపులో లోడు దిగుతున్నప్పుడు ఒకరు, భోజనం దగ్గర ఒకరు వస్తారు, మీకు విసుగొస్తుంది, ఆ విసుగు ఎవరో ముసలావిడ మీద పడుతుంది. ఎవరి దగ్గరా జిరాక్సు ఖర్చు కూడా తీసుకోకండి. అదే సమయంలో ఎవరి ఏటీఎం కార్డూ, పిన్నూ మీ దగ్గర ఉంచుకోకండి, "నువ్వే తెచ్చీ బాబూ" అన్నా సరే.

తుఫానులప్పుడు వేరే సంగతి. 2014లో హుద్‌హుద్ మీ విజయనగరాన్ని కుదిపేసింది, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, శ్రీకాకుళం తీరంలోని తోటల ప్రాంతం ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. కొబ్బరీ జీడీ తోటలు పోయాయి. ఆ తర్వాత మేము కొందరం మాజీ సైనికులం చెట్లు కోసే మిషన్లు, తాళ్ళు పట్టుకుని వజ్రపుకొత్తూరు, మందస వైపు వెళ్ళాం. అప్పుడు చూసింది చెబుతాను. హైవే పక్క ఊళ్ళకి బియ్యం ప్యాకెట్లు, బిస్కెట్లు వద్దన్నా వస్తున్నాయి. రెండు మైళ్ళు లోపలికి వెళ్తే రోడ్డు మీద చెట్లు, మనుషులకి తాగడానికి నీళ్ళు లేవు. కరెంటు లేదు కాబట్టి ట్యాంకులోకి నీళ్ళెక్కవు. అక్కడ కావలసింది జనరేటర్. అదీ చిన్నది తీసుకెళ్తే లాభం లేదు, అయిదు హెచ్‌పీ బోరు మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అయిదు కేవీఏ జనరేటర్ మూలిగి ఆగిపోతుంది. పెద్ద జనరేటర్‌ని ట్రాక్టర్ మీద పెట్టి, ఒక ఊరి ట్యాంకు నింపి, పక్క ఊరికి వెళ్ళడమే పని. మరొకటి డయాలసిస్ రోగులు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. ఇప్పుడు పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, అప్పుడు లేదు. పలాస, సోంపేట డయాలసిస్ కేంద్రాలకి వెళ్ళేవాళ్ళు రెండో రోజుకే ఆయాసపడుతున్నారు, దారి లేదు. ఊరిలో అడుగుపెట్టగానే "డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఎవరున్నారు, నిండు చూలాలు ఎవరున్నారు" అని అడిగి, ముందు వాళ్ళ ఇంటి దారి మీద చెట్టు కోయాలి. మీ మండలంలో ఇలాంటివాళ్ళ జాబితా సెప్టెంబర్‌లోనే రాసి పెట్టుకోండి.

అదే సమయంలో మీ షాపులో టార్పాలిన్లు, తాళ్ళు, రేకులు, కొవ్వొత్తులు ఉంటాయి. ధర రెట్టింపు చేసినా కొంటారు. ఆ వారం ధర పెంచకండి, ఇంటికి ఒక్క టార్పాలిన్ మాత్రమే ఇవ్వండి. ఒక్కడే వచ్చి ఇరవై పట్టుకుపోతే అవి సాయంత్రానికి రెట్టింపు ధరకి బయట అమ్ముడుపోతాయి. మేము అలాగే చేశాం. షాపు ముందు గొడవ జరిగింది, కొందరు తెలిసినవాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు కూడా. అయినా మళ్ళీ తుఫాను వస్తే అదే చేస్తాను.

సేవ డబ్బూ షాపు డబ్బూ ఒకే గల్లాలో వేయకండి. తుఫానుకి ఎవరో పదివేలు పంపితే అది ఆ రోజే విడిగా రాసి, రసీదు ఇచ్చి, ఖర్చయ్యాక బిల్లుల ఫొటోలు గ్రూపులో పెట్టండి. వీలైతే డబ్బు మీ చేతికి రానివ్వకండి, సరుకుగానే పంపమనండి. ఆ సరుకు మీ షాపు నుంచే కొనాల్సి వస్తే అసలు ధరకివ్వండి, కొన్న బిల్లు కూడా చూపించండి. మన ఊళ్ళలో ఒక్క అనుమానపు మాట పుట్టిందంటే నరసన్నపేటలో అన్నది సాయంత్రానికి శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దాటిపోతుంది.

మిలట్రీ క్యాంటీన్ కోటాలో వచ్చే మందు సీసాల గురించి కూడా మొదటి రోజే తేల్చి చెప్పండి. బంధువులు, ఆఫీసుల్లోవాళ్ళు, చివరికి కాంట్రాక్టర్లు కూడా అడుగుతారు. ఆ కోటా అమ్మడం తప్పు, పని జరగడం కోసం ఇవ్వడం ఇంకా తప్పు. ఒకరికి ఇచ్చారంటే ఊరంతటికీ ఇవ్వాలి. నేను ఎవరికీ ఇవ్వనని తెలిశాక అడగడమే మానేశారు.

పదవుల విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది. మాజీ సైనికుల సంఘంలో పని చేయండి, కార్యదర్శిగా ఫైళ్ళు మోయండి. కనీసం అయిదేళ్ళు రాజకీయ పార్టీ కండువా మాత్రం వేసుకోకండి. కండువా పడిన మర్నాటి నుంచి మీ శుక్రవారం టేబులు దగ్గరికి సగం ఊరు రాదు. ఆ రానివాళ్ళలో పెన్షన్ ఆగిన ఆవిడ ఒకరుంటారు. అరసవల్లి రథసప్తమికి క్యూల దగ్గర, మీ విజయనగరం సిరిమానోత్సవంలో మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట వరకు జనం కిక్కిరిసినప్పుడు వాలంటీర్లు కావాలి. అలాంటి చోట నిలబడండి. తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చడం, మంచినీళ్ళు అందించడం, తోపులాట మొదలవకముందే కనిపెట్టడం మనకి వచ్చిన విద్యే. రక్తదానం మీకు అలవాటే అయ్యుంటుంది, మగవాళ్ళు మూడు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఊళ్ళో ఎవరిది ఏ గ్రూపో ఒక నోట్‌బుక్కు పెట్టుకుంటే రాత్రిపూట కాన్పుల కేసుకి పనికొస్తుంది.

మీరు రాయని ఇంకో మనిషి గురించి చెప్పాలి: మీ భార్య. మీరు లేని ఇన్నేళ్ళూ బ్యాంకూ, పిల్లల స్కూలూ, పొలం కౌలూ, అత్తమామల ఆస్పత్రీ అన్నీ ఆమే చూసుకుంది. మీరు వచ్చి ఇంట్లో ఆర్డర్లు వేస్తే ఆ ఇల్లు మీకు బ్యారక్కు అవుతుంది, ఆమెకి అత్తవారిల్లు మళ్ళీ కొత్తదవుతుంది. షాపు లెక్కలు ఆమెకి అప్పజెప్పండి. మా షాపులో రోజువారీ పుస్తకం నా భార్య చేతిలోనే ఉంటుంది. అరువు అడిగేవాళ్ళకి "ఆవిడని అడగాలి" అని చెప్పడానికి కూడా వీలు, అది నిజం కాబట్టి. లాభం ఎంతో, మునిగింది ఎంతో ఇద్దరికీ తెలియాలి.

హైదరాబాద్ సెక్యూరిటీ ఉద్యోగం తప్పని చెప్పను. పిల్లలు అక్కడ చదువుతూ ఉంటే, అప్పులు ఉంటే, వెళ్ళండి. కానీ గది అద్దె, తిండి, రైలు ఖర్చు పోను ఇంటికి పంపేది ఎంతో నిజాయితీగా లెక్క వేసుకోండి. పదిహేడేళ్ళు ఇంటికి దూరంగా ఉన్నారు, ఇంకో పదేళ్ళు దూరంగా ఉండటానికి ఆ మిగులు సరిపోతుందా అన్నది మీరూ మీ ఆవిడా కూర్చుని తేల్చుకోవాలి.

రాజాం, చీపురుపల్లి రెండింట్లో నన్నడిగితే, మీ ఊరివాళ్ళు ఎటు సంతకి వెళ్తారో అటు పెట్టండి. రాజాం పెద్ద బజారు, పాతుకుపోయిన షాపులు చాలా ఉన్నాయి, అద్దె ఎక్కువ, అడ్వాన్సు ఎక్కువ. చీపురుపల్లిలో మీ ముఖం తెలిసినవాళ్ళు ఎక్కువ. లారీ వచ్చి దిగడానికి వీలుగా రోడ్డు ఉందా, వానకి షట్టర్ లోపలికి నీళ్ళు వస్తాయా అని ఒక వాన రోజు స్వయంగా వెళ్ళి చూసి కానీ అగ్రిమెంటు రాయకండి.

ఈలోపు మీ చేతిలో ఏడాది ఉంది, సర్వీసులో ఉండగానే చేయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ పార్ట్ టూ ఆర్డర్లలో భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోతున్నాయో చూడండి. తేడా ఉంటే ఇప్పుడే యూనిట్ క్లర్క్ ద్వారా సరిచేయించండి. బయటికి వచ్చాక నెలల పని అవుతుంది. పెన్షన్ అకౌంటు మీ ఇద్దరి పేరున, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా తెరవండి. డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ (పెన్షన్ ఆర్డర్) కాపీలు రెండు సెట్లు తీసి ఒకటి మీ ఆవిడ దగ్గర, ఒకటి మీ అన్నయ్య ఇంట్లో ఉంచండి. వచ్చాక విజయనగరం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుని గుర్తింపు కార్డు తీసుకోండి, ఈసీహెచ్ఎస్ కార్డుకీ అప్పుడే అప్లై చేయండి. షాపు కోసం చూసిన చోటు, అద్దె, వచ్చే మొత్తం అంకెలు ఇక్కడే రాస్తే లెక్క వేసి చెబుతాను.